పంతులుగారి బడి, పంతులుగారి రంగస్థలం

కందుకూరి వీరేశలింగం పంతులుగారి పేరు తలచినంతనే ఆంధ్రులకు స్ఫురించేది వితంతు వివాహోద్యమం. ఆ తరువాత గద్యరచన, పత్రికలు, కవుల చరిత్ర. ఆయనను నాటకకర్తగా తలచుకొనేవారు తక్కువ. తలచుకొన్నా అనువాదాల పట్టికతో సరిపుచ్చుకొంటారు. కాని ఆయన జన్మదినమైన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకోవడంలో గొప్ప ఔచిత్యం ఉన్నది. ఆధునిక తెలుగు నాటకాన్ని తొలిసారి ప్రజల ఎదుట ఆడించిన ఖ్యాతి ఆయనదే. ఆ నాటకం ఆడినవారు వృత్తినటులు కారు; ఆయన వద్ద చదువుకొంటున్న విద్యార్థులు. లోకంలోని మోసాన్ని, బలవంతులు బలహీనులను దోచుకొనే తీరును పిల్లలు గుర్తెరుగడానికి నాటకాన్ని పాఠంగా మలచిన ఉపాధ్యాయుడాయన. అంతకుమించి, రంగస్థలం మీద చూపిన అన్యాయానికి రంగస్థలం వెలుపల విరుగుడు కూడ ఉండాలని నమ్మి, దానిని కట్టి చూపినవాడు. ఆయన జీవితాన్ని ఈ దృష్టితో పరిశీలించడం నేటికీ నిష్ప్రయోజనం కాదు.

వీరేశలింగం 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో జన్మించారు. తండ్రి సుబ్బారాయుడు, తల్లి పున్నమ్మ. పూర్వులు కందుకూరు నుండి తరలివచ్చి గోదావరీతీరాన స్థిరపడినవారు. నాలుగేండ్ల ప్రాయంలోనే తండ్రి గతించగా, పెదతండ్రి వెంకటరత్నంగారి నీడలో బాలుడు పెరిగాడు. దేహం బలహీనం, దగ్గు, ఉబ్బసం చిన్ననాటినుండి వెన్నాడుతూ వచ్చాయి. పట్టుదల మాత్రం దేహానికి మించినది.

1861లో, పదమూడవ యేట ఆయనకు వివాహం జరిగింది. వధువు బాపమ్మకు పదేండ్లు నిండలేదు. అత్తవారింట ఆమెకు రాజ్యలక్ష్మి అని పేరు మార్చారు. బాల్యవివాహాలను నిరసించి జీవితమంతా పోరాడిన మనిషి తానుకూడ బాల్యవివాహం చేసుకొన్నవాడే. ఆనాటి ఆచారం అది. పిల్లల సమ్మతి అడగాలన్న తలపే ఎవరికీ రాదు. వీరేశలింగం, రాజ్యలక్ష్మి దంపతులు అదృష్టవంతులు. వయస్సులో దగ్గరవారు, ఒకరికొకరు జీవితాంతం తోడుగా నిలిచారు. కాని అదే ఆచారం మరొక ఇంట వేరొక రూపం ధరించేది. అక్కడ వరుడు అరువదేండ్ల వృద్ధుడు. వధువు ఇంకా బొమ్మలతో ఆడుకొనే పసిపిల్ల. నడుమ చేతులు మారేది రొక్కం.

దానికి కన్యాశుల్కమని గౌరవప్రదమైన పేరున్నది. వాస్తవానికి అది పిల్లను అమ్ముకోవడం. కూతురిని ధనవంతుడైన వృద్ధునికిచ్చి, ఆ సొమ్ముతో అప్పు తీర్చుకొనే తండ్రులుండేవారు. ఆ సొమ్ముతోనే కొడుకుకు మరొక ఇంటి పిల్లను కొనేవారుండేవారు. ఒక ఇంట అమ్మకం మరొక ఇంట కొనుగోలుకు మూలధనమయ్యేది. అందువల్ల ఈ వ్యాపారం ఎవరో ఒక దుర్మార్గునితో ఆరంభమై అతనితో ముగిసేది కాదు. మర్యాదస్థులు, వేదవేత్తలు, పెండ్లిపేరయ్యలు, బంధువులు అందరూ అందులో భాగస్థులే. దీని విస్తృతి ఎంతటిదో తెలిపే లెక్క ఒకటి గురజాడ అప్పారావుగారు తమ కన్యాశుల్కం నాటకపు తొలి ముద్రణ పీఠికలో పొందుపరచారు. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో సేకరింపజేసిన జాబితా అది. మూడేండ్లలో నమోదైన శుల్కవివాహాలు 1,034. వధువులలో అయిదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఒక యేడాది పసికందులు ముగ్గురు.

ఆ వృద్ధ వరుడు మరణిస్తే పిల్ల విధవ. కాపురమంటే ఏమిటో తెలియకముందే తల గొరిగించుకొని, వంటింటి మూలకు పరిమితమై, శుభకార్యాలకు ఎదురుపడరాని మనిషిగా మిగిలేది. అటువంటి పిల్ల ఎవరి దౌష్ట్యానికి లోనైనా నింద ఆమెమీదనే పడేది. వితంతు వివాహాలు చెల్లుతాయని 1856లో శాసనం వచ్చినా, తెలుగుదేశంలో ఆ శాసనం కాగితం మీదనే ఉండిపోయింది.

వీరేశలింగం ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించి మొదట కోరంగిలోను, పిదప ధవళేశ్వరంలోను పనిచేశారు. 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల స్థాపించారు. ఆ యేడే వివేకవర్ధని పత్రికను ఆరంభించారు. ఈ రెండు పనులను ఒకే సంవత్సరంలో తలపెట్టడం కాకతాళీయం కాదు. చదువు లేని పిల్లకు తనకు జరుగుతున్నది అన్యాయమని తెలియదు. చదువుకొన్న పెద్దలకు తెలిసినా నోరు మెదపరు. బడి పిల్లలకోసం, పత్రిక పెద్దలకోసం. లంచగొండి అధికారులు, వేశ్యాలోలురైన గౌరవనీయులు, శాస్త్రం పేర పిల్లలను అమ్ముకొనే పండితులు వివేకవర్ధని పుటలలో నిలదీయబడ్డారు.

కొద్దికాలానికి రాజమహేంద్రవరం చేరి ప్రభుత్వ పాఠశాలలో తెలుగు బోధిస్తున్న రోజులలో ఆయన హాస్యసంజీవని అనే మరొక పత్రిక నెలకొల్పారు. ఉపన్యాసం విని తలలూపి ఇంటికిపోయి యథాప్రకారం పిల్లను అమ్ముకొనేవాడు, నలుగురూ తనను చూచి నవ్వుతారంటే మాత్రం జంకుతాడని ఆయన గ్రహించారు. హాస్యసంజీవనిలో వెలువడిన బ్రహ్మవివాహమనే ప్రహసనం ఆ గ్రహింపుకు ఫలం. ముదిమివయస్సున పసిపిల్లను పెండ్లాడే పెద్దయ్యగారు అందులోని కథానాయకుడు. జనం దానికి పెద్దయ్యగారి పెండ్లి పుస్తకమని తామే మరొక పేరు పెట్టుకొన్నారు. ఒక పుస్తకానికి ప్రజలు సొంతపేరు పెట్టుకొన్నారంటే అది పండితుల అరలు దాటి వీధి అరుగులమీదికి వచ్చిందన్నమాట. ప్రతి ఊరిలోను ఒక పెద్దయ్య ఉన్నాడు. ప్రహసనం చదివినవారు తమ ఊరి పెద్దయ్యను అందులో గుర్తుపట్టారు.

చదివే నాటకం ఆడే నాటకం కావడానికి మరికొంత కాలం పట్టింది. తెలుగువారికి అప్పటికి ఆట కొత్త కాదు. యక్షగానాలు, వీధినాటకాలు, తోలుబొమ్మలాటలు తరతరాలుగా ఉన్నవే. కాని వాటిలో కనిపించేది రాజులు, రాక్షసులు, దేవతలు. కోరాడ రామచంద్రశాస్త్రిగారు 1860 ప్రాంతంలో మంజరీమధుకరీయం వ్రాసినప్పటికీ ఆ తెలుగు నాటకం గ్రంథరూపానికే పరిమితమైంది. మన ఇరుగుపొరుగువాడే పాత్రగా రంగస్థలమెక్కి, మనం ఇంట్లో మాటలాడే మాటలే మాటలాడడం ఎవరూ చూచి ఎరుగరు.

1880లో వీరేశలింగం తమ వ్యవహారధర్మబోధినిని విద్యార్థులచేత రాజమహేంద్రవరంలో ప్రదర్శింపజేశారు. న్యాయస్థానాల చుట్టూ జరిగే దగా ఇందులోని వస్తువు. ప్లీడర్ల ఎత్తులు, లంచాలు, కూటసాక్ష్యాలు, వాటి నడుమ చిక్కి చితికిపోయే అమాయకుడైన కక్షిదారు ఇందులో కనిపిస్తారు. ప్లీడరు నాటకమని లోకంలో దీనికి వాడుక. గ్రాంథికభాషలో దిట్టయైన పంతులుగారు ఇందులో పాత్రలచేత ఎవరి మాట వారిచేతనే పలికించారు. షేక్స్పియరు నాటకానికి అనుసరణమైన చమత్కారరత్నావళిని కూడ విద్యార్థి బృందం ఆడింది. ధార్వాడ నాటక సమాజం వంటి పరదేశపు బృందాలు తెలుగునాట పర్యటించి జనానికి రంగస్థలపు రుచి చూపిన కాలమది. పంతులుగారి విద్యార్థులు తెలుగులోనే అది సాధ్యమని నిరూపించారు.

ఈ ప్రదర్శనలో ఒక బోధనామర్మం ఇమిడి ఉన్నది. లంచం పాపమని నీతిపాఠంలో చదివిన బాలుడు దానిని వల్లించి మరచిపోతాడు. అదే బాలుడు లంచగొండి ప్లీడరు వేషం కట్టినప్పుడు, మోసగాడు ఎదుటివానిని ఎట్లా పలుకరిస్తాడో, ఏ తీపిమాటతో నమ్మిస్తాడో, ఏ క్షణంలో స్వరం మారుస్తాడో తానుగా అభ్యసించవలసి వస్తుంది. మోసపోయే రైతు వేషం కట్టినవాడికి, భయంవల్ల నోరు పెగలని మనిషి అవస్థ తెలిసివస్తుంది. మోసగాడు కోరమీసాలతో, ఎర్రని కన్నులతో రాడు. మర్యాదగా, ఆప్తునివలె, మన మేలుకోరే పెద్దమనిషివలె వస్తాడు. ఈ సత్యాన్ని పుస్తకం ఎంత చెప్పినా నమ్మని పిల్లవాడు ఆ పాత్రను ఒక్కసారి నటిస్తే ఇక మరువడు. పిల్లలను ఆపదనుండి కాపాడే విద్యలో మొదటి మెట్టు ఇదే.

అయితే పెద్దలను ఎత్తిపొడిచే పాత్రలను పిల్లలచేత వేయించడం చిన్న సాహసం కాదు. తండ్రులు, తాతలు, ఊరి పెద్దలు ప్రేక్షకులలో కూర్చుండగా వారి నడవడికనే బాలురు ఆడి చూపుతారు. ఆనాటి గురుశిష్య మర్యాదకు, పితృభక్తికి ఇది ఎదురీత. ఆ బాలుడు నాటకం ముగిసిన పిమ్మట తిరిగి వెళ్లవలసినది ఆ ఇంటికే. ఇక్కడే వీరేశలింగానికి, వట్టి ప్రహసనకారునికి భేదం. నవ్వించి తెర దించితే తన పని తీరినదని ఆయన భావించలేదు. తెర దిగిన తరువాత ఏమి జరుగుతుందన్నదే ఆయనకు ప్రధానం.

1879 ఆగస్టులో వితంతు వివాహాలను సమర్థిస్తూ ఆయన తొలి బహిరంగోపన్యాసం ఇచ్చారు. ఊరు రెండుగా చీలింది. పండితులు ఖండనలు వ్రాశారు. దౌర్జన్యాలకు కూడ కొందరు సిద్ధపడ్డారు. అప్పుడు పంతులుగారికి అండగా నిలిచినవారిలో ఆయన విద్యార్థులు ముఖ్యులు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో ఆయన ఇంటనే తొలి వితంతు వివాహం జరిగింది. వధువు గౌరమ్మ బాలవితంతువు. వరుడు గోగులపాటి శ్రీరాములు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయం చేశారు. పోలీసుల కావలి నడుమ మంగళసూత్రధారణ జరిగింది. వెనువెంటనే వెలి. వంటవారు మానుకొన్నారు, నీళ్లు మోసేవారు రాలేదు. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు స్వయంగా గోదావరినుండి నీరు మోసి తెచ్చి, ఇంట ఆశ్రయం పొందిన పిల్లలకు వండి పెట్టారు.

ఆమె మోసిన ఆ బిందెను ప్రహసనాలతో పాటు లెక్కించనిదే ఈ చరిత్ర సంపూర్ణం కాదు. అన్యాయాన్ని గుర్తుపట్టమని పిల్లకు నేర్పడం సులభం. గుర్తుపట్టిన పిల్ల ఒక రాత్రివేళ తలుపు తట్టితే తీసే ఇల్లొకటి ఉండాలి. ఆ ఇల్లు లేనప్పుడు నాటకం ఆమెకు తన దుఃఖాన్ని మాత్రమే చూపి వదలివేస్తుంది. కందుకూరివారి ఇంటి తలుపు తెరచుకొన్నది. ఆపై మరెన్నో వివాహాలు జరిగాయి. వితంతువులకు శరణాలయం ఏర్పడింది. స్త్రీలకోసం 1883లో సతీహితబోధిని పత్రిక వెలసింది. సభలకు, సమావేశాలకు 1890లో పురమందిరం లేచింది. 1906లో హితకారిణీ సమాజాన్ని స్థాపించి తమ ఆస్తిని దానికి ధారపోశారు.

పంతులుగారి కృషికి హద్దులు లేకపోలేదు. ఆనాటి తెలుగు రంగస్థలం మీద స్త్రీపాత్రలు ధరించినవారు బాలురు. ఏ పిల్లల బ్రతుకును గురించి ప్రహసనాలు పుట్టాయో ఆ పిల్లలకు రంగస్థలం మీద చోటు లేదు. వారి మాటను పురుషుడు వ్రాశాడు, బాలుడు పలికాడు, పురుషులు విని నవ్వారు. ఇంకొక లోపం సానిమేళాల విషయంలో కనిపిస్తుంది. శుభకార్యాలలో సానిమేళాలు పెట్టించడాన్ని ఆయన తీవ్రంగా నిరసించారు, అది న్యాయమే. కాని ఆనాటి సంస్కర్తలలో పెక్కురివలె ఆయన దృష్టి గృహస్థుల నీతిని చెరచే ప్రమాదం మీద ఎక్కువగా నిలిచింది. ఊహ తెలియకముందే దేవుని పేర అర్పింపబడిన ఆడపిల్ల కూడ మోసపోయిన పిల్లయే అన్న జాలి ఆ విమర్శలలో పలుచన. దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ మద్రాసు రాష్ట్రంలో శాసనం వచ్చేసరికి 1947 అయింది.

ఆయన నాటిన విత్తు ఏ చెట్టయినదో చూడాలంటే విజయనగరం వైపు దృష్టి సారించాలి. అక్కడ కళాశాలలో బోధకుడైన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1892లో రంగస్థలమెక్కింది, 1897లో అచ్చయింది, 1909లో ఎంతో పెరిగిన రూపంతో తిరిగి వెలువడింది. అందులోని కథాసంవిధానం ఈ సందర్భంలో ప్రత్యేకంగా గమనింపదగినది. పసిపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధానులు బారినుండి తప్పించడానికి మేనమామ కరటకశాస్త్రి పన్నిన ఉపాయమేమిటి? ఆయన నాటకాల మనిషి. తన శిష్యునికి ఆడవేషం వేయించి, అతనినే కన్యగా లుబ్ధావధానులుకు అమ్ముతాడు. అంటే చదువుకొనే కుర్రవాడొకడు నటించి, ఒక ఆడపిల్లను అమ్మకంనుండి కాపాడుతున్నాడు. వీరేశలింగం తమ బడిలో ఆచరించిన పాఠమే గురజాడ చేతిలో నాటకం లోపలి నాటకమై రూపెత్తినదని భావించవచ్చు.

వీరేశలింగం 1919 మే 27న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి తొమ్మిదేండ్ల ముందే, 1910లో, రాజ్యలక్ష్మమ్మగారు గతించారు. ఆయన కోరిన శాసనాలు ఒక్కొక్కటిగా ఆలస్యంగా వచ్చాయి. ఆయన జీవించి ఉండగా 1891లో వచ్చిన సమ్మతి వయోశాసనం ఆ వయస్సును పదినుండి పన్నెండేండ్లకు మాత్రమే పెంచగలిగింది. ఆయన మరణించిన పదేండ్లకు, 1929లో, శారదా శాసనం ఆడపిల్ల వివాహానికి పద్నాలుగేండ్ల కనీస వయస్సు విధించింది. అది పదునెనిమిదికి చేరడానికి 1978 వరకు ఆగవలసి వచ్చింది. బాల్యవివాహ నిషేధ చట్టం 2006లోను, లైంగిక నేరాలనుండి బాలలను రక్షించే చట్టం 2012లోను రూపొందాయి. పదునెనిమిదేండ్ల లోపు బాలబాలికలందరినీ ఈ చివరి చట్టం తన రక్షణలోనికి తెచ్చింది. నేరం తెలిసినవారు దానిని అధికారులకు తెలుపడం విధి అని శాసించింది.

చట్టం వచ్చినంత మాత్రాన పెద్దయ్యలు అంతరించలేదు, వేషం మార్చుకొన్నారు. కన్యాశుల్కం స్థానంలో ఉద్యోగపు ఆశ, ప్రేమనటన, పట్నపు వ్యామోహం ఎరలుగా నిలిచాయి. అందుకే పిల్లలను అప్రమత్తులను చేయడానికి నేటి బడులలో కూడ నాటికలు వేయించడం కనిపిస్తుంది. అది శుభపరిణామం. చెడు ఉద్దేశంతో చేయి వేసినవానిని వద్దని గట్టిగా చెప్పడం, నమ్మకమైన పెద్దలకు తెలుపడం, రహస్యంగా ఉంచమన్నవానిని శంకించడం పిల్లలు నటనద్వారా సులభంగా నేర్చుకొంటారు. కాని ఆ నాటికలు వేయించే ఉపాధ్యాయులు పంతులుగారి జీవితాన్ని సంపూర్ణంగా చదువుకోవడం మంచిది. నాటికలో పిల్ల పెద్దలకు చెబుతుంది, పెద్దలు వింటారు, దుష్టుడు శిక్షింపబడతాడు. మరునాడు నిజంగానే ఒక పిల్ల బల్ల దగ్గరకు వచ్చి మెల్లగా మాట చెప్పినప్పుడు, వినే చెవి, నమ్మే హృదయం, అండగా నిలిచే ధైర్యం ఆ ఉపాధ్యాయునిలో లేకపోతే ఆ నాటిక పిల్లకు ఇచ్చిన మాట తప్పినట్లే అవుతుంది.

వీరేశలింగం గొప్ప నాటకకర్త కాడని సాహిత్యవిమర్శకులు తేల్చవచ్చు. ఆయన ప్రహసనాలలో నీతి ముందుకు వచ్చి కళ వెనుకబడుతుందన్న మాట నిరాధారం కాదు. కాని పిల్లలకు ప్రమాదాన్ని చూపినవాడు వారికి అభయం కూడ చూపాలన్న ధర్మాన్ని ఆయన తమ ఇంటిలోనే ఆచరించారు. ఒకవైపు విద్యార్థులకు రంగస్థలం కట్టారు. మరొకవైపు ఆపన్నులైన ఆడపిల్లలకు ఇంటి తలుపు తెరచి ఉంచారు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా రెండవది అసంపూర్ణమే.